శాశ్వతం అనగానే పర్మనెంటేనా? (ఏడో పాఠం)

పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ‘పర్మనెంట్ చెప్పులు’, ‘డ్యూరబుల్ ఉద్యోగం’ అని రాశారు. తప్పు నాది. పర్మనెంట్, డ్యూరబుల్, పెరెన్నియల్ అనే మూడు ఇంగ్లీషు మాటలకీ ‘శాశ్వతమైన’ అని ఒకే అర్థం ఇచ్చి వదిలేశాను. అందుకని ఈ వారం క్రియల పాఠం ఆపేసి, మళ్లీ వీటి దగ్గరికే వచ్చాను.

నేను చూసేది ఒక్కటే, ఆ మాటకి ఎదురు మాట ఏది అని. అరిగిపోవడం ఎదురైతే డ్యూరబుల్: చెప్పులు, కుక్కరు, ఫ్రిజ్. తాత్కాలికం ఎదురైతే పర్మనెంట్: ఉద్యోగం, చిరునామా. మీ పాన్ కార్డు తీసి చూడండి, అంచులు లేచిపోయి ఫొటో మసకబారి ఉంటుంది, కానీ పాన్‌లో మొదటి అక్షరం పర్మనెంట్‌దే. ఊరు మారినా నంబరు అదే. నంబరు పర్మనెంట్, కార్డు అంత డ్యూరబుల్ కాదు.

పర్మనెంట్ అంటే కలకాలం అని కూడా కాదు, గడువు పెట్టలేదని. 1793లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ బెంగాల్‌లో పెట్టిన పర్మనెంట్ సెటిల్‌మెంట్ (జమీందార్లు కట్టే శిస్తు ఇక మారదని ఖాయం చేసిన పద్ధతి) 1802 నుంచి మన ఉత్తర సర్కారు జిల్లాలకీ వచ్చింది, 1948 చట్టంతో ఆ జమీందారీలే పోయాయి. నిజంగా అంతం లేనిదానికి ఎటర్నల్ ఉంది, అది దేవుడికీ ఆత్మకీ ఉంచండి.

ఇక పెరెన్నియల్. దీన్ని పర్మనెంట్‌కి బదులుగా వాడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇందులో లాటిన్ ‘అన్నస్’ ఉంది, అంటే ఏడాది. ఏడాది పొడుగునా పారేది పెరెన్నియల్ నది, మనం జీవనది అంటాం, గంగలాంటిది. వేరుశనగ ఒక్క పంటతో అయిపోతుంది, మల్లె మాత్రం ఆకు దూసి నీళ్లు పెడితే మళ్లీ వేసవికి మొగ్గ తొడుగుతుంది, అది పెరెన్నియల్ మొక్క. అక్కడి నుంచే ‘పోయినట్టే పోయి మళ్లీ వచ్చేది’ అనే అర్థం కూడా వచ్చింది. మా వీధిలో ఏప్రిల్ రాగానే బోర్లు ఎండుతాయి, వానలు పడ్డాక నీళ్లొస్తాయి, మళ్లీ ఏప్రిల్‌కి అదే కథ. అది పెరెన్నియల్ ప్రాబ్లం. అర్జీలో పర్మనెంట్ ప్రాబ్లం అని రాశారంటే ఏడాదంతా నీళ్లు లేవని చదువుతారు, ఇక తీరేది కాదని కూడా అనుకుంటారు.

స్పెల్లింగ్‌కి నా గుర్తు: పర్మనెంట్ మధ్యలో ‘మ్యాన్’ ఉన్నాడు.

అభ్యాసం: ఇంట్లో ఇరవై వస్తువులు, ఊళ్లో పది సమస్యలు తీసుకోండి. ఒక్కోదానికి సరైన మాట రాసి, పక్కనే దాని ఎదురు మాట కూడా రాయండి. ఎదురు మాట లేని జవాబులు నేను దిద్దను.