ఆటిజం తొలి గుర్తులు, 3వ పాఠం: వేలు ఎటు చూపిస్తోంది?

ముందు పోయిన పాఠం హోంవర్కు సంగతి చూద్దాం. పిల్లవాడు ఆటలో మునిగి ఉన్నప్పుడు వెనకనుంచి, మామూలు గొంతుతో, పేరు పెట్టి పిలవమన్నాను. రోజుకు రెండు మూడుసార్లు, వారం పాటు. ఈ పని చేసేటప్పుడు దాదాపు అందరూ ఒకేచోట తప్పులో కాలేస్తారు. పిలుస్తారు, పలకడు. గొంతు పెంచి మళ్లీ పిలుస్తారు. చిటికె వేస్తారు, భుజం తడతారు, చివరికి ఫోన్‌లో వాడికిష్టమైన పాట పెడతారు. అప్పుడు గిరుక్కున తిరుగుతాడు. "హమ్మయ్య, తిరిగాడు" అనుకుని నోటుపుస్తకంలో "పలికాడు" అని రాసేస్తారు.

వాడు తిరిగింది పాటకు, పేరుకు కాదు. అక్కడ రాయాల్సింది ఇది: "పేరుకు రెండుసార్లూ తిరగలేదు. పాటకు వెంటనే తిరిగాడు." ఇలా రాస్తే రేపు డాక్టరు చేతికి పనికొచ్చే ముక్క ఒకటి దొరుకుతుంది. ఇంకోమాట. పాట వినిపించింది కాబట్టి చెవులు బాగున్నట్టేనని తేల్చేయకండి. పెద్ద శబ్దాలన్నీ వినిపిస్తూ, మాటల్లోని సన్నటి ధ్వనులు మాత్రం అందని పిల్లలు ఉంటారు. పేరుకు పలకని పిల్లలందరికీ వినికిడి పరీక్ష చేయించాల్సిందే. ఇంట్లో గిన్నె మోగించి చూడటం దానికి సరిపోదు.

ఇక ఇవాళ్టి పాఠం. ఇదంతా ఒక్క చూపుడువేలు గురించే.

ఒక వేలికి ఇంత పాఠమా అనిపించవచ్చు. మాట రాకపోతే ఇంట్లోవాళ్లు గమనిస్తారు, వచ్చిపోయే చుట్టాలు కూడా అడుగుతారు. కానీ ఏడాదిన్నర పిల్ల వేలెత్తి చూపించడం లేదని ఎవరూ అనరు. ఉన్న అలవాటు కంటబడుతుంది. చేతులు ఆడించడం, బొమ్మకారు చక్రాలు తిప్పుతూ కూర్చోవడం లాంటివి ఎవరికైనా కనిపిస్తాయి. లేని అలవాటును పట్టుకోవాలంటే అది ఉండాల్సిందని ముందే తెలిసి ఉండాలి. నా దృష్టిలో ఈ పాఠాలన్నిటిలోకీ కష్టమైన పని ఇదే.

వేలు చూపించడం రెండు రకాలు. మొదటిది కావాలని చూపడం. అలమర పైన బొమ్మ ఉంది, చెయ్యి అందదు, వేలు చూపి "ఊఁ" అంటారు. రెండోది చూడమని చూపడం. ఆకాశంలో విమానం పోతోంది. పిల్లకు దాంతో పనేమీ లేదు, తెచ్చిపెట్టమనీ అడగదు. అయినా వేలెత్తి చూపించి, మీ ముఖంలోకి చూసి, మళ్లీ విమానాన్ని చూస్తుంది. "నేను చూశాను, నువ్వూ చూశావా?" అన్నట్టు. అలా ఇద్దరూ ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టి, పెట్టామని ఒకరికొకరు తెలుపుకోవడాన్ని జాయింట్ అటెన్షన్ అంటారు. మనం ఉమ్మడి ధ్యాస అనుకుందాం.

అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో కావాలని వేలు చూపడం 15 నెలల దగ్గర, చూడమని చూపడం 18 నెలల దగ్గర ఉన్నాయి. నూటికి 75 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలు ఆ వయసుకు చేసే పనులనే అందులో పెట్టారు. కాబట్టి ఆ వయసుకు చేయకపోతే కంగారు వద్దు, ఉపేక్షా వద్దు.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువగా వెనకబడేది ఈ రెండో రకం. కావాల్సిన దానికోసం వాళ్లు ఏదో ఒక దారి వెతుక్కుంటారు. చాలామంది పెద్దవాళ్ల చెయ్యినే పనిముట్టుగా వాడతారు. మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, మూత మీద మీ చెయ్యి ఆనిస్తారు, ముఖం వంక చూడరు. "చూశారా, ఎంత తెలివిగా అడుగుతుందో" అని మురిసిపోయేది సరిగ్గా అక్కడే. తెలివి ఉంది, కాదనను. కానీ అది మీ చేతితో మాట్లాడటం, మీతో కాదు.

ఇప్పుడు చేసి చూద్దాం. సబ్బు బుడగల సీసా ఒకటి తీసుకోండి. పిల్లకు ఎదురుగా, అదే ఎత్తులో నేలమీద కూర్చోండి. నాలుగైదు బుడగలు ఊది ఆపేయండి. సీసా మీ చేతిలోనే ఉంచుకుని, నోరు మెదపకుండా మనసులో పది లెక్కపెట్టండి. అసలు పరీక్ష ఈ పది అంకెలే, పెద్దవాళ్లు తట్టుకోలేనివీ ఇవే. మూడు దాకా రాగానే "ఇంకా కావాలా? ఊదనా?" అని మనమే అందించేస్తాం. అడిగే అవకాశం పిల్లకు మిగలదు. పదీ లెక్కపెట్టాక కళ్లు ఎటు పోయాయో, చేతులేం చేశాయో, నోట్లోంచి ఏమొచ్చిందో చూడండి.

రెండోది, గది అవతల గోడమీద ఉన్న వస్తువు వైపు మీరు వేలెత్తి "అరె, అదిగో చూడు!" అనండి. పిల్ల చూపు మీ వేలి దగ్గర ఆగిందా, వేలు దాటి ఆ వస్తువు దాకా వెళ్లిందా? కొందరు వేలినే చూస్తారు. కొందరు మాటకు తల ఎత్తి మళ్లీ ఆటలో పడిపోతారు. పిల్ల అప్పటికే ఆ గోడ వైపు చూస్తూ ఉంటే ఈ ప్రయత్నం లెక్కలోకి రాదు, మరోసారి చేయండి.

మూడోదానికి మీరు చేసేదేమీ లేదు. బయటికి తీసుకెళ్లినప్పుడు కుక్కో, పెద్ద లారీయో, చప్పుడు చేసే యంత్రమో కనబడినప్పుడు మీరు ముందుగా చూపించకుండా ఊరుకోండి. తనంతట తాను మీకు చూపిస్తుందేమో గమనించండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. "మా పాప వేలు చూపిస్తుందండీ. పుస్తకంలో కుక్క ఏదీ అంటే ఠక్కున చూపిస్తుంది." మంచిదే, రాసుకోండి. కానీ అది అడిగిన ప్రశ్నకు జవాబు. మనం వెతుకుతున్నది అడగకుండా వచ్చే వేలు. రంగులు, అక్షరాలు, జంతువులు అన్నీ అడిగితే చూపించి, తనంతట తాను ఒక్కటీ చూపించని పిల్లలు ఉంటారు. జవాబులు చెప్పే పిల్ల గురించి ఎవరికీ అనుమానం రాదు, కాబట్టి వీళ్లు ఆలస్యంగా బయటపడతారు. ఆడపిల్లయితే మరీను. మగపిల్లల్లో ఆటిజం నిర్ధారణ మూడు నాలుగు రెట్లు ఎక్కువగా జరుగుతోంది. అందులో కొంత ఆడపిల్లల్లో పోల్చుకోలేకపోవడం వల్లే. "కుదురైన పిల్ల" అని వదిలేస్తాం.

బుడగల ఆట ఒకటే, నోట్సు రెండు రకాలుగా రాయొచ్చు. మాదిరి కోసం 19 నెలల పాపను ఊహించుకుందాం. మొదటి నోట్సు: "బుడగలంటే పాపకు ప్రాణం. ఇంకా కావాలని అడిగింది. బాగా ఆడింది."

రెండోది: "మంగళవారం సాయంత్రం. నాలుగు బుడగలు ఊది ఆపాను. సీసా వంకే చూసింది. నా మణికట్టు పట్టుకుని సీసా వైపు నెట్టింది. పది లెక్కపెట్టేలోగా నా ముఖం ఒక్కసారీ చూడలేదు. 'ఊఁ ఊఁ' అంది, కళ్లు సీసా మీదే. మళ్లీ ఊదాను, గెంతింది, నవ్వింది. నవ్వుతూ నా వైపు తిరగలేదు."

మొదటి దాంట్లో "అడిగింది" అన్నది రాసినవాళ్ల అభిప్రాయం. ఏం చేసి అడిగిందో తెలియదు. రెండో దాంట్లో అభిప్రాయం లేదు, కళ్లూ చేతులూ గొంతూ ఉన్నాయి. ఆటిజం అన్న మాట కూడా లేదు, ఉండకూడదు కూడా. అదే పాప మాట రాకపోయినా సీసా వైపు వేలు చూపి, మీ కళ్లలోకి చూసి, మళ్లీ సీసా చూసిందనుకోండి. అప్పుడది వేరే చిత్రం. మాట ఆలస్యమైనా సంభాషణ మొదలైంది. మాట ఆలస్యమైన పిల్లలందరినీ ఒకే గాటన కట్టకుండా వేరుచేసి చూపేవాటిలో ఇదొకటి.

ఈ చూపుడువేలు స్క్రీనింగ్‌లోకి, అంటే ఎవరిని ఇంకా లోతుగా చూడాలో తేల్చే తొలి వడపోతలోకి, ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1992లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం 18 నెలల పిల్లల్లో ఆటిజం గుర్తులు వెతికే చాట్ అనే చిన్న పరీక్ష తయారుచేసింది. ఆటిజం వచ్చే అవకాశం జన్యుపరంగా ఎక్కువగా ఉన్న 41 మంది పిల్లల్ని, యాదృచ్ఛికంగా ఎంచుకున్న మరో 50 మందిని చూశారు. చూడమని వేలు చూపడం, ఉత్తుత్తి ఆటలు ఆడటం లాంటి ఐదు ముఖ్యమైన అంశాల్లో రెండో అంతకంటే ఎక్కువో లేని పిల్లలు నలుగురు తేలారు. రెండున్నరేళ్లు వచ్చేసరికి ఆ నలుగురికీ ఆటిజం నిర్ధారణ అయింది. ఇంత చక్కటి ఫలితం చూసి సంబరపడ్డాక, అదే పరీక్షను 16,235 మంది పిల్లల మీద పెట్టి ఆరేళ్లు గమనించి 2000లో లెక్క చెప్పారు. ఆటిజం ఉన్నవాళ్లలో ఆ పరీక్ష పట్టుకున్నది 38 శాతం మందినే. అంటే ఏడాదిన్నర వయసులో స్క్రీనింగ్ దాటిపోవడం క్లీన్ చిట్ కాదు. అనుమానం మిగిలితే మళ్లీ చూపించాలి, కాగితం మీద ఏమున్నా సరే.

చాట్ నుంచి పుట్టిందే ఇప్పుడు ఎక్కువగా వాడే ఎం-చాట్-ఆర్/ఎఫ్. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం, తల్లిదండ్రులు అవును/కాదు అని నింపే 20 ప్రశ్నలు. వచ్చే పాఠంలో ప్రశ్నపత్రం మొత్తం చూస్తాం. ఇవాళ్టి పాఠానికి సంబంధించినవి 1, 6, 7, 9, 16, 17 ప్రశ్నలు. మీరు చూపినచోటికి చూస్తాడా, కావాల్సింది వేలితో అడుగుతాడా, బాగున్నదాన్ని వేలితో చూపిస్తాడా, వస్తువు తెచ్చి కేవలం చూపిస్తాడా, మీరు తల తిప్పి చూసినచోటికి తనూ చూస్తాడా, తననే చూడమంటాడా. ఇరవైలో ఆరు ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతున్నాయంటే దాని బరువు అర్థమవుతుంది. ఆ పత్రం పైన ఉండే సూచన చాలామంది చదవరు. ఒకటి రెండుసార్లు చేసి, మామూలుగా చేయకపోతే "కాదు" అనే రాయాలి. మొన్నెప్పుడో ఒకసారి చూపించాడన్న జ్ఞాపకం కడుపుతీపి కొద్దీ "అవును" రాయిస్తుంది.

అనుమానం కలిగించే ఒక్కో జవాబుకు ఒక మార్కు. మార్కులు 2 దాకా వస్తే ఆటిజం ఉండే అవకాశం తక్కువ. రెండేళ్లు నిండకముందు నింపితే నిండాక మళ్లీ నింపాలి. 3 నుంచి 7 వస్తే కథ అయిపోలేదు. ఆ తప్పిన ప్రశ్నల మీద వివరంగా అడిగే రెండో విడత ఉంటుంది. పేరు చివరి "ఎఫ్" అదే. 8, ఆపైన వస్తే రెండో విడత లేకుండానే నేరుగా నిపుణుల దగ్గరికి పంపవచ్చు. 2014లో వచ్చిన అధ్యయనంలో, మొదట 3 అంతకంటే ఎక్కువ వచ్చి రెండో విడత తర్వాత కూడా 2 లేదా ఎక్కువ మిగిలిన పిల్లల్లో 47.5 శాతం మందికే ఆటిజం తేలింది. కానీ 94.6 శాతం మందికి ఏదో ఒక ఎదుగుదల సమస్యో, పట్టించుకోవాల్సిన సంగతో ఉంది. అంటే ఆ మార్కులు వచ్చాయని ఆటిజమేనని కుంగిపోనక్కర్లేదు, ఏమీ లేదని కాగితం మడిచి దాచనూ కూడదు.

స్క్రీనింగ్ వేరు, నిర్ధారణ వేరు. నిర్ధారణకు రక్తపరీక్ష, స్కాన్ లేవు. ఎదుగుదల చరిత్ర అడిగి, పిల్లవాడితో ఆడి, గమనించి తేలుస్తారు. అందుకు వాడే ఏడాస్-2 పరీక్షలో చిన్నపిల్లల విభాగంలో బుడగల ఆట నిజంగానే ఉంది. అక్కడ శిక్షణ పొందిన మనిషి ఒక నిర్ణీత పద్ధతిలో చేస్తారు. మీరు ఇంట్లో చేసింది దానికి బదులు కాదు. అనుభవం ఉన్న నిపుణులు రెండేళ్ల వయసుకే నమ్మదగ్గ నిర్ధారణ చేయగలరు.

ఈ పాఠాలు పూర్తయ్యేదాకా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వచ్చిన మాటలు పోయినా, ఊపే చెయ్యి ఊపడం మానేసినా, నవ్వుకు నవ్వడం ఆగిపోయినా, ఏ వయసైనా సరే, నోటుపుస్తకం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. 12 నెలలకు ముద్దుపలుకులు గానీ సైగలు గానీ లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, 24 నెలలకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా అంతే. "వాళ్ల నాన్నకు కూడా నాలుగేళ్ల దాకా మాటలు రాలేదు" అని పెద్దవాళ్లు చెబితే వినండి, అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చేసుకోకండి.

ఈ వారం పని: బుడగల ఆట మూడు రోజులు, రోజుకు ఒక్కసారే. గోడవైపు చూపడం రోజు విడిచి రోజు. బయట తనంతట తాను చూపించిన ప్రతిసారీ ఏం చూపించింది, మీ ముఖంలోకి చూసిందా లేదా అన్నది రాయండి. ఏమీ చూపించని రోజు ఆ పేజీ ఖాళీగా వదలొద్దు, "ఈరోజు చూపించలేదు" అని తేదీ వేసి రాయండి. వీలైతే ఇంట్లో ఇంకొకరు విడిగా రాయాలి, ఒకరిది ఒకరు చూసుకోకుండా. రెండు పుస్తకాలూ ఎక్కడ కలవలేదో, నాలుగో పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.