సబ్‌నెట్ లెక్కలు పైథాన్‌కు వదిలేయండి

సబ్‌నెట్ లెక్కలు, అంటే ఒక నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్కలు, చేత్తో వేస్తూ తంటాలు పడుతున్నారా? పైథాన్ 3.3 నుంచి ‘ఐపీఅడ్రస్’ అనే మాడ్యూల్ దాంతోపాటే వస్తోంది, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

అందులోని ‘ఐపీ_నెట్‌వర్క్’కు 192.168.10.0/24 ఇచ్చి, ‘సబ్‌నెట్స్’లో కొత్త ప్రిఫిక్స్ (‘/’ తర్వాత వచ్చే సంఖ్య) 26 అని చెప్పండి. 0, 64, 128, 192 దగ్గర మొదలయ్యే నాలుగు ముక్కలు వస్తాయి. ఒక్కోదాంట్లో 64 అడ్రస్‌లు. నెట్‌వర్క్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు (అందులోని అన్ని మెషీన్లకూ ఒకేసారి పంపడానికి) ఒకటి పోగా 62 వాడుకోవచ్చు.

192.168.10.77/26 లాంటి మెషీన్ ఐపీని నేరుగా ఇస్తే మాత్రం ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ‘స్ట్రిక్ట్’ను ఫాల్స్‌గా పెడితే చాలు, అది 192.168.10.64/26 లోనిదని చెప్పేస్తుంది.

నాకు బాగా నచ్చింది ‘ఓవర్‌ల్యాప్స్’. రెండు అడ్రస్ రేంజ్‌లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ‘ట్రూ’ అంటుంది. రెండు ఆఫీసులను వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా వేసే ప్రైవేట్ లింక్‌తో) కలిపే ముందు రెండు చోట్లా ఉన్న రేంజ్‌లను దీంతో తప్పకుండా పోల్చి చూడండి. 10.0.0.0/22, 10.0.3.0/24 చూడ్డానికి వేరువేరుగానే ఉంటాయి. కానీ మొదటిది 10.0.3.255 దాకా వెళ్తుంది, అంటే రెండోది పూర్తిగా దాని లోపలే ఉంది. స్క్రిప్ట్ ‘ట్రూ’ అని చూపిస్తే ముందే రేంజ్ మార్చుకోండి, కనెక్షన్ ఇచ్చాక డేటా ఏ దారిన వెళ్లాలన్న రూటింగ్ టెన్షన్ ఉండదు.