విదేశంలో ఇంటి భోజనం, ఇంటి మిఠాయి దొరికించుకోవడం ఎలా?

విదేశంలో అక్కడివారి ఇంటి వంట రుచి చూడాలనుకునేవారు మొదట మెనూ చూసి నచ్చింది తెప్పించుకునే అలవాటును పక్కన పెట్టాలి. ఏ ఇంట్లోనూ పూటకు ముప్పై రకాలు వండరు. ఆ ఉదయం తెచ్చిన సరుకుతో వండినవారు ఏది పెడితే అదే భోజనం. కాబట్టి పది భాషల్లో, ఫొటోలతో మెనూ వేలాడదీసిన హోటలును దాటుకుని, ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేని చోటుకు వెళ్లాలి.

బస చేసే ఇంట్లోనే భోజనం కుదుర్చుకోవడం అన్నింటికన్నా సులువు. ఫ్రాన్స్‌లో సొంత ఇంట్లో గదులు అద్దెకిచ్చే షాంబ్ర్ దోత్‌లకు 5 గదులు, 15 మంది అతిథులు అనే పరిమితి ఉంది. వాటిలో కొన్ని తాబ్ల్ దోత్ పేరిట రాత్రి భోజనం పెడతాయి. అది బస చేసినవారికే, అందరికీ ఒకే వంటతో, ఇంటివారి బల్ల దగ్గరే. ఇటలీలో 1985 నాటి చట్టంతో తొలిసారి గుర్తింపు పొందిన అగ్రితురిస్మోలు అనే పొలం బసలలో రైతులు ఎక్కువగా తమ పొలంలో పండినవాటితో వండి పెడతారు. అయితే గది తీసుకున్నంత మాత్రాన భోజనం ఉంటుందనుకోకూడదు. ఇంటివారు పొద్దున్నే బజారుకు వెళ్లాలి కనుక ఎంతమంది తింటారో, ఏమి తినరో ముందురోజు సాయంత్రానికే చెప్పాలి.

అలా కుదరనప్పుడు మధ్యాహ్న భోజనాన్ని నమ్ముకోవాలి. టర్కీలో పనివారు, దుకాణదారులు తినే ఎస్నాఫ్ లోకంతాలలో వండిన కూరలు అద్దం వెనుక పళ్లేల్లో వరుసగా ఉంటాయి, వేలు చూపితే చాలు, భాష రాకపోయినా ఫరవాలేదు. పన్నెండు దాటగానే వెళ్లడం మంచిది, ఆలస్యమైతే మంచివన్నీ అయిపోతాయి.

శాకాహారులు "మాంసం తినను" అని చెప్పి ఊరుకుంటే చాలదు. జపాన్‌లో కూరగాయలు మాత్రమే కనిపించే సూపులోనూ ఎండు చేపతో కాచిన దాషి అనే రసం ఉండవచ్చు. ఇటలీ మీగడ మిఠాయి పన్నా కోట్టా సాధారణంగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తోనే గడ్డకడుతుంది. చేప, ఎముకల రసం, పంది కొవ్వు, జెలటిన్ అని పేరుపేరునా స్థానిక భాషలో రాయించుకున్న చీటీ జేబులో ఉండాలి.

జార్జియా దేశంలో విందుకు పిలిస్తే మొదటి అరగంట చాలా కొద్దిగా తినాలి, ఎందుకంటే బల్ల నిండినా వంటకాలు ఆగవు, పాత పళ్లేల అంచుల మీదనే కొత్త పళ్లేలు పేర్చుతారు. తమదా అనే విందు పెద్ద నాలుగు మాటలు చెప్పేవరకు వైన్ గ్లాసు ఎత్తకపోవడం మర్యాద.

ఇక మిఠాయిల కోసం నా ఓటు స్పెయిన్‌లోని సన్యాసినుల మఠాలకే. లోకానికి దూరంగా ఉండే ఆ సన్యాసినులు కొనేవారికి కనిపించరు. గోడలో తోర్నో అనే, గుండ్రంగా తిప్పగలిగే చెక్క పీపా ఒకటి ఉంటుంది. గంట మోగిస్తే లోపలినుంచి మరియమాతను స్తుతిస్తూ "ఆవే మరియా పురీసిమా" అని వినబడుతుంది. "సిన్ పెకాదో కొన్సెబిదా" అని బదులు చెప్పి, కావలసినది అడిగి, డబ్బు అందులో పెడితే పీపా తిరిగి మిఠాయి పెట్టె బయటికి వస్తుంది. నోట్లు, చిల్లర వెంట ఉంచుకోవాలి, మధ్యాహ్నం మూసే వేళ కూడా కనుక్కోవాలి. గుడ్డు పచ్చసొనతో చేసే యెమాస్ అక్కడి ప్రసిద్ధ మిఠాయి. వైన్‌ను తేటపరచడానికి తెల్లసొన వాడగా మిగిలిన పచ్చసొన మఠాలకు చేరేదని చెబుతారు. యెమాస్ మెత్తనివి, త్వరగా పాడవుతాయి కనుక అక్కడే తినేయాలి. ఇంటికి తెచ్చుకోవడానికి పొడిగా ఉండే మాంతెకాదో బిస్కెట్లు నయం, కానీ సంప్రదాయంగా వాటిలో పంది కొవ్వు పడుతుంది కనుక శాకాహారులు బాదంతో చేసినవి అడిగి, వాటిలోనూ కొవ్వు, గుడ్డు లేవని తెలుసుకున్నాకే పెట్టె కట్టించుకోవాలి.