బైక్ రేసింగ్ లైసెన్స్‌కి దరఖాస్తు: నల్గొండ, పాలమూరు యువత కోసం

నార్కట్‌పల్లి – అద్దంకి హైవే మీద అర్ధరాత్రి బైకులు ఉరికించడం రేసింగ్ కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం, దారిన పోయేవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చే పని కూడా. రేసింగ్‌నే బతుకుదెరువు చేసుకోవాలంటే ముందుగా కావాల్సింది ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే కాంపిటీషన్ లైసెన్స్.

ఎఫ్‌ఎంఎస్‌సీఐ అంటే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా, దేశంలో మోటార్ రేసింగ్‌ను చూసుకునే సంస్థ. ఆఫీసు చెన్నైలో ఉంది గానీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, అక్కడిదాకా పోనక్కర్లేదు. ఆర్టీఏ డ్రైవింగ్ లైసెన్స్ వేరు, ఇది వేరు. అయితే ర్యాలీల్లో మామూలు రోడ్ల మీదుగా కూడా పోవాలి కాబట్టి అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి. గేర్ల బండికి అది 18 ఏళ్లు నిండాకే వస్తుంది.

సర్క్యూట్ రేసుల (రోడ్డు మీద కాకుండా ట్రాక్ మీద జరిగేవి) వైపు వెళ్లేవాళ్లు ముందు గుర్తింపు ఉన్న అకాడమీలో శిక్షణ తీసుకుని, ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చాక దరఖాస్తు మొదలుపెట్టడం మంచిది. మనకు అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్ శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోది, సుమారు 3.7 కిలోమీటర్లు. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా చెన్నైకి రైలుంది.

వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని ఫొటో, గుర్తింపు కార్డు, పుట్టిన తేదీ రుజువు, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. మైనర్లయితే తల్లిదండ్రుల అంగీకార పత్రం కూడా పెట్టాలి. మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఫారం నింపకముందే మీసేవలో అడిగి రెండూ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి. మెడికల్ సర్టిఫికెట్ మీద డాక్టర్ సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబరు మూడూ స్పష్టంగా కనపడాలి. బ్లడ్ గ్రూపు గుర్తున్నంత వరకు రాసేయకండి, పరీక్ష చేయించి రాయండి. పడిపోయి స్పృహ లేనప్పుడు వైద్య సిబ్బంది చూసేది దాన్నే.

ఫీజు లైసెన్స్ రకాన్ని బట్టి మారుతుంది, ఆన్‌లైన్‌లోనే కట్టాలి. లైసెన్స్ ఆ క్యాలెండర్ సంవత్సరానికే చెల్లుతుంది, అందుకని సీజన్ మొదలవకముందే తీసుకోండి. రేసుకి వారం ముందు పరుగులు పెడితే అనవసరపు టెన్షన్.

అసలు ఖర్చు ఆ తర్వాతే ఉంటుంది. లెదర్ సూటు, ఫుల్‌ఫేస్ హెల్మెట్, గ్లోవ్స్, బూట్లు, బ్యాక్ ప్రొటెక్టర్ అన్నీ కావాలి. పత్తి అమ్మిన డబ్బుతో రేసు బైక్ కొనమని ఏ ఇంట్లోనూ అడగలేం. అందుకే టీవీఎస్ లాంటి కంపెనీలు నడిపే వన్‌మేక్ చాంపియన్‌షిప్‌ల ఎంపికల మీద కన్నేసి ఉంచండి. వాటిలో బైకు కంపెనీదే, అందరికీ ఒకే రకం ఇస్తారు కాబట్టి తేడా చూపేది రైడరే. ఆడపిల్లలు కూడా వెనకాడొద్దు: బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) బాహా ప్రపంచ కప్ మహిళల టైటిల్ గెలిచింది. బాహా అంటే ఎడారుల్లాంటి రోడ్డు లేని దారుల్లో జరిగే ర్యాలీ.

రేసు రోజు లైసెన్స్ ఫోన్‌లో ఉన్నా ఒక ప్రింటు దగ్గర పెట్టుకోండి. హెల్మెట్, సూటు కూడా తనిఖీ చేస్తారు, పగులు ఉన్న హెల్మెట్‌ను పక్కన పెట్టేస్తారు.