ఉగ్రముప్పు స్థాయిని డెస్క్‌టాప్‌పై చూపించే ప్రోగ్రామ్: చూసేవాళ్లు హడలిపోకుండా, పట్టించుకోవడం మానేయకుండా

బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలు ఉగ్రవాద ముప్పు గురించిన ప్రకటనలను కంప్యూటర్ చదవగలిగే రూపంలో కూడా విడుదల చేస్తాయి. దాన్ని తెచ్చి తెర మూలన చూపించే ప్రోగ్రామ్ రాయడం ఒక సాయంత్రం పని. అసలు కష్టం అది చూసినవాళ్లు ఏమనుకుంటారు, ఏం చేస్తారు అన్న దగ్గర మొదలవుతుంది. అందుకే కోడ్ కంటే ముందు, ఇలాంటి గుర్తులకు జనం ఇదివరకు ఎలా స్పందించారో తెలుసుకోవాలి.

అమెరికా 2002 మార్చిలో అయిదు రంగుల పద్ధతి తెచ్చింది: ఆకుపచ్చ, నీలం, పసుపు, నారింజ, ఎరుపు. అది నడిచినన్నాళ్లూ దేశవ్యాప్త స్థాయి పసుపు కంటే కిందికి దిగలేదు. ఎరుపు వచ్చింది ఒక్కసారే, 2006 ఆగస్టు 10న, అదీ బ్రిటన్ నుంచి వచ్చే విమానాలకు. ఎప్పుడు చూసినా పసుపే ఉంటే కన్ను దాన్ని దాటుకుని పోతుంది. 2003 ఫిబ్రవరిలో నారింజకు పెంచినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. రసాయన దాడి జరిగితే గది మూసుకోవడానికి ప్లాస్టిక్ షీట్లు, డక్ట్ టేపు దగ్గర ఉంచుకోమన్న సలహా బయటికి రాగానే జనం దుకాణాల మీద పడ్డారు. 2004 ఆగస్టులో న్యూయార్క్, న్యూజెర్సీ, వాషింగ్టన్‌లలోని ఆర్థిక సంస్థలకు నారింజ ప్రకటించారు. ఆధారంగా చూపిన సమాచారంలో చాలా భాగం మూడేళ్ల నాటిదని రోజుల్లోనే తెలిసింది. అధ్యక్ష ఎన్నికల ఏడాది కావడంతో ఇది రాజకీయమేమో అన్న అనుమానాలు గుప్పుమన్నాయి. 2011 ఏప్రిల్‌లో ఆ పద్ధతినే తీసేశారు.

అలవాటు పడిపోవడం, ఎగబడటం, నమ్మకపోవడం: మీ ప్రోగ్రామ్ ఎదుర్కోవాల్సిన స్పందనలు ఈ మూడే.

సమాచారం తేవడం

బ్రిటన్ స్థాయిని జాయింట్ టెర్రరిజం అనాలిసిస్ సెంటర్ నిర్ణయిస్తుంది, దేశ అంతర్గత గూఢచార సంస్థ ఎంఐ5 దాన్ని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌గా (ప్రోగ్రాములు చదువుకునేలా ఎప్పటికప్పుడు తాజా చేసే ఫైలుగా) ఇస్తుంది. మెట్లు కింది నుంచి పైకి అయిదు: లో, మోడరేట్, సబ్‌స్టాన్షియల్, సివియర్, క్రిటికల్. ఉత్తర ఐర్లండ్‌కు సంబంధించిన ఉగ్రవాదానికి వేరే స్థాయి ఉంది. రెండింటినీ కలిపి ఒకే గుర్తుగా చూపించకండి, ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ఉన్నవాళ్లకు తప్పు కబురు అందుతుంది.

ఫీడ్‌ను చదివేటప్పుడు స్థాయిని శీర్షికలోంచే తీసుకోండి. వివరణలో మిగతా మెట్ల పేర్లు కూడా రావచ్చు, మొత్తం పాఠంలో వెతికితే తప్పు మెట్టు చేతికొస్తుంది. పూర్తి పదాన్నే పోల్చండి. ‘లో’ (low) అన్నది మూడు ఇంగ్లిషు అక్షరాల పదం, ‘కింద’ అని చెప్పే below అనే పదంలో కూడా దొరుకుతుంది. అయిదింటిలో ఏదీ కనబడకపోతే అది వైఫల్యమే. అంచనాతో ఏదో ఒకటి పెట్టేయకండి.

అమెరికా ఇప్పటి పద్ధతి వేరు. నేషనల్ టెర్రరిజం అడ్వైజరీ సిస్టమ్‌లో ఎల్లకాలం నిలిచి ఉండే స్థాయి లేదు. ఎలివేటెడ్, ఇమినెంట్ అనే రెండు రకాల అలర్టులు, 2015 డిసెంబరులో చేర్చిన బులెటిన్లు ఉంటాయి. ప్రకటనలకు గడువు తేదీ ఉంటుంది. ఉదాహరణకు 2025 జూన్ 22 నాటి బులెటిన్ గడువు సెప్టెంబరు 22. నెట్ లేకపోయినా గడువు దాటిన ప్రకటనను తెర మీంచి తీసేయాలి కాబట్టి ఆ తేదీని కంప్యూటర్‌లోనే భద్రపరచండి. అమల్లో ఏదీ లేనప్పుడు ఖాళీ జాబితా వస్తుంది. అది పొరపాటు కాదు, ‘ప్రస్తుతం ప్రకటన ఏదీ లేదు’ అని మాటల్లో రాయండి. పాత రంగులను తెచ్చి దీనికి అంటించకండి.

బ్రిటన్ స్థాయి చాలాసార్లు నెలల తరబడి మారదు. అరగంటకోసారి అడిగితే చాలు. ఈటాగ్ (ఫైలు మారిందో లేదో తెలిపే గుర్తు) గానీ చివరి మార్పు తేదీ గానీ పంపి, మారితేనే పూర్తి ఫైలు తెచ్చుకోండి. ఆఫీసులో రెండొందల కంప్యూటర్లు ఒకే నిమిషంలో అడగకుండా ఒక్కోదానికి కొన్ని నిమిషాల తేడా పెట్టండి.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఒకటుంది. స్థాయిని సున్నా నుంచి నాలుగు దాకా అంకెలుగా దాచుకుని, మొదటి విలువ సున్నాగా పెడతారు. ఫీడ్ అందకపోతే ప్రోగ్రామ్ ‘లో’ అని చూపిస్తుంది. అసలేమీ తెలియని స్థితిలో ‘భయం లేదు’ అని చెప్పినట్టవుతుంది. ‘తెలియదు’ అనే ఆరో విలువ పెట్టి, దానితోనే మొదలుపెట్టండి. హోటల్, విమానాశ్రయ వైఫైలు లాగిన్ పేజీని ‘అంతా సరిగ్గా అందింది’ అని చెప్పే 200 కోడ్‌తోనే పంపుతాయి, కాబట్టి కోడ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. ఫీడ్ అందకపోతే చివరి స్థాయిని అలాగే ఉంచి, కింద ‘సరిచూసింది: నిన్న సాయంత్రం 4:10’ అని చూపండి. ఆరు గంటలు దాటితే గుర్తు బూడిద రంగుకు మారాలి. ల్యాప్‌టాప్ నిద్ర నుంచి లేచిన వెంటనే మాత్రం బూడిద చేయకండి, నెట్ కలవడానికి ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

తెర మీద ఏం రాయాలి

కంప్యూటర్ మూలన ఎర్రటి గుర్తు, పక్కన ‘ముప్పు: సివియర్’ అని ఉంటే చాలామంది వైరస్ వచ్చిందనుకుంటారు. కొందరు భయపడి ఐటీ వాళ్లకు ఫోన్ చేస్తారు, కొందరు మోసపు ప్రోగ్రామ్ అనుకుని తీసేస్తారు. దేశం, విషయం, స్థాయి, ఎప్పటి నుంచి, ఎవరు చెప్పారు: ఈ అయిదూ ఒకే చోట ఉండాలి. ‘బ్రిటన్ ఉగ్రవాద ముప్పు: సబ్‌స్టాన్షియల్ (దాడి జరిగే అవకాశం ఎక్కువని అంచనా). ఫలానా తేదీ నుంచి. ఎంఐ5.’ తేదీ తప్పనిసరి, సమాచారం పాతదేమో అన్న అనుమానానికి జవాబు అదే. అధికారిక ముద్రలు, చిహ్నాలు వాడకండి. అది చట్టంతో చిక్కు తెస్తుంది, పైగా మీది ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ అన్న అపోహ కలిగిస్తుంది.

స్థాయితో పాటు ఏం చేయాలో ఒక్క వాక్యం ఉండాలి. అది మీరు కల్పించింది కాకూడదు. అధికారుల ప్రకటనలో సలహా ఉంటే దాన్నే ఇవ్వండి, లేకపోతే ప్రకటన లింకుతో సరిపెట్టండి. రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు ఐరోపా సంతతిలో పన్నెండు మందిలో ఒకరు ఉంటారు.

నోటిఫికేషన్ మార్పు వచ్చినప్పుడే రావాలి. పెరిగితే ఒక్కసారి, శబ్దం లేకుండా, పని ఆపేసే పెట్టె రూపంలో కాకుండా. తగ్గినప్పుడూ చెప్పాలి. పెరుగుదలే చెప్పి తగ్గుదల చెప్పని ప్రోగ్రామ్ భయాన్ని పోగుచేస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు కనిపించేది మార్పు కాదు కనుక అప్పుడు నోటిఫికేషన్ వద్దు. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు గుర్తు దాచుకునే వీలు కల్పించండి. మీటింగ్‌లో అవతలివాళ్లు సందర్భం తెలియకుండా దాన్ని చూస్తారు.

పరీక్షించడం

2017 మే నెల మంచి నమూనా. బ్రిటన్‌లో మాంచెస్టర్ అరీనా దాడి 22న జరిగింది, 23న స్థాయి క్రిటికల్‌కు పెరిగింది, 27న మళ్లీ సివియర్‌కు దిగింది. ఈ క్రమాన్ని నకిలీ ఫీడ్‌గా ఇచ్చి, సరిగ్గా రెండే నోటిఫికేషన్లు వస్తున్నాయేమో చూడండి. ఈ ఫీడ్ మీ సొంత కంప్యూటర్ దాటకూడదు. పరీక్ష రూపంలో తెర నిండా ‘ఇది పరీక్ష’ అని కనిపించాలి. 2018 జనవరి 13న హవాయిలో డ్రిల్ సమయంలో పొరపాటున అసలు క్షిపణి హెచ్చరిక జనం ఫోన్లకు వెళ్లింది, అది తప్పుడు హెచ్చరిక అని ఫోన్లకు మళ్లీ కబురు పంపడానికి 38 నిమిషాలు పట్టింది. మీ ప్రోగ్రామ్‌లో కూడా పరీక్షకు, అసలుకు ఒకే బటన్ ఉండకూడదు.

చివరగా, ఈ ప్రోగ్రామ్ సంగతి తెలియని అయిదారుగురికి తెరను అయిదు సెకన్లు చూపించి మూసేయండి. ఇది దేని గురించి, ఎప్పటి సమాచారం, మీరిప్పుడు ఏం చేస్తారు అని అడగండి. మొదటి ప్రశ్నకు ఒక్కరు ‘యాంటీవైరస్’ అన్నా మాటలు మార్చి, కొత్తవాళ్లతో మళ్లీ అడగండి.