గ్రిఫిత్ పార్కు పాత జూకి వెళ్లే దారి, చూసే పద్ధతి

లాస్ ఏంజెలిస్‌లో ఉండి ఫోన్‌లో ‘ఎల్‌ఏ జూ’ అని కొడితే మ్యాపు మిమ్మల్ని ఇప్పుడున్న జూ టికెట్ కౌంటరు ముందు దించుతుంది. 1966లో మూసేశాక ఖాళీ గుహలూ బోనులే మిగిలిన పాత జూ అక్కడ లేదు. అదే గ్రిఫిత్ పార్కులో, దక్షిణంగా సుమారు రెండు మైళ్ల దూరంలో ఉంది. అందుకని ‘గ్రిఫిత్ పార్క్ ఓల్డ్ జూ పిక్నిక్ ఏరియా’ అని పూర్తిగా కొట్టండి. లోపలికి టికెట్ లేదు, పార్కింగుకూ డబ్బు కట్టక్కర్లేదు.

ఐదో నంబరు ఫ్రీవే మీద వచ్చేవాళ్లు లాస్ ఫీలిజ్ బులెవార్డ్ దగ్గర దిగి, క్రిస్టల్ స్ప్రింగ్స్ డ్రైవ్‌లోకి మళ్లి ఉత్తరంగా పోవాలి. ‘మెర్రీ గో రౌండ్’ అన్న బోర్డు కనిపించగానే ఎడమకు తిరిగి అక్కడి పార్కింగులో కారు పెట్టండి. ఆ రంగులరాట్నం 1926 నాటిది, గుర్తుపట్టడానికి బాగా పనికొస్తుంది. కానీ మరమ్మతుల కోసం మూసి ఉండొచ్చు కాబట్టి ఎక్కిస్తామని పిల్లలకు ముందే మాటివ్వకండి. బర్‌బ్యాంక్ వైపు నుంచి ట్రావెల్ టౌన్ రైలు మ్యూజియం మీదుగా కొండదారిలో రావాలనుకుంటే కుదరదు. గ్రిఫిత్ పార్క్ డ్రైవ్‌లో ఆ ముక్కను 2022లో కార్లకు మూసేసి, నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదిలేశారు. పాత బ్లాగుల్లో ఇంకా ఆ దారే రాసి ఉంటుంది. కారు లేనివాళ్లకు మెట్రో 96 నంబరు బస్సు ఉంది. శని, ఆదివారాల్లో వేళలు వేరుగా ఉంటాయి, తిరుగు బస్సు ఎప్పుడో చూసుకున్నాకే ఎక్కండి.

పార్కు ఉదయం 5 నుంచి రాత్రి 10:30 వరకు తెరిచి ఉంటుంది. కొండ దారులు మాత్రం సూర్యాస్తమయంతో మూసినట్టే. శని, ఆదివారాల్లో పదింటికల్లా చేరితే నీడలో బల్ల దొరుకుతుంది. మధ్యాహ్నం అయితే పుట్టినరోజు బెలూన్ల మధ్య చోటు వెతుక్కోవాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎండ మంట పుట్టిస్తుంది, ఆ నెలల్లో తొమ్మిదిలోపే నడక ముగించడం మేలు.

పార్కింగు నుంచి పైకి కొద్ది నిమిషాలు నడిస్తే పెద్ద పచ్చిక మైదానం, దాని అంచున వరసగా రాతి గుహలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి తడితే అసలు సంగతి తెలుస్తుంది. కొండను తొలిచి చేసిన గుహలు కావివి, కొండలా కనిపించేలా కట్టినవి. ఇక్కడ జూ 1912లో 15 జంతువులతో మొదలైంది. ఈ పెద్ద కట్టడాలు 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులకు పని చూపించడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన పథకం కింద వచ్చాయి, మన ఉపాధి హామీ లాంటిదన్నమాట. 1966 ఆగస్టులో జూ మూశారు. అదే ఏడాది నవంబరులో కొత్త జూ తెరిచారు. హైదరాబాద్ వాళ్లకు ఈ కథ కొత్త కాదు: అంతకు మూడేళ్ల ముందే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జంతువులు మీర్ ఆలం చెరువు పక్కన కట్టిన నెహ్రూ జూకి తరలిపోయాయి. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే బోనులను కూల్చకపోవడం. గుహలకు ముందున్న ఊచలు పీకేసి, కొన్నింటిలో పిక్నిక్ బల్లలు వేసి జనానికి వదిలేశారు.

చాలామంది గుహ ముందు ఫొటో దిగి వెనుదిరుగుతారు. అలా చేస్తే సగం కూడా చూడనట్టే. గుహలోకి వెళ్లి వెనక గోడకు ఆనుకుని నిలబడండి. అక్కడి నుంచి ముందు అంచుదాకా ఎన్ని అడుగులు పడతాయో పిల్లలతో లెక్కపెట్టించండి. సింహాలూ ఎలుగుబంట్లూ ఏళ్ల తరబడి తిరిగింది ఆ కాస్త జాగాలోనే. ఏ బోర్డు చదివినా అంత స్పష్టంగా తెలియదు. తర్వాత వెనక గోడలో చిన్న గుమ్మం కోసం చూడండి. అది కాపరుల వైపు దారి, జంతువుల్ని లోపలికి తోలడానికీ తిండి వేయడానికీ వాడింది. గుహల వెనక ఇరుకు మెట్లూ నడవలూ ఉన్నాయి. తెరిచి ఉన్నవాటిలోకి ఫోన్ లైటు వేసుకుని వెళ్లొచ్చు, కానీ గాజు పెంకులుంటాయి, చెప్పులతో వెళ్లకండి. ఇనుప జాలీ పెట్టి మూసినవాటిని వదిలేయండి. గుహ కప్పు మీదికి ఎక్కడం అసలు వద్దు. పాతబడ్డ కాంక్రీటు అంచులు ఎక్కడ విరుగుతాయో పైనుంచి చూస్తే తెలియదు, పడితే పడేది కూడా కాంక్రీటు మీదే.

పచ్చిక దాటి కొండవైపు దారి పట్టుకుంటే చిన్న ఇనుప బోనులు వస్తాయి. వీటి ఊచలు అలాగే ఉన్నాయి. తలుపు తెరిచి ఉన్నదాంట్లోకి దూరి బయటికి చూడండి. గోడల నిండా రంగురాతలే. కొందరికి అవి కంపరం, కొందరికి అవే ఆకర్షణ. తుప్పు పట్టిన ఊచలు గీసుకుంటాయి కాబట్టి చిన్నపిల్లల చేతులు పట్టుకోండి. గుహలూ బోనులూ కలిపి నిదానంగా చూస్తే ముప్పావుగంట నుంచి గంట పడుతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లకు పచ్చిక, కింది గుహలు చాలు. అక్కడిదాకా స్ట్రోలరు కూడా వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వెనక మెట్లు పనికిరావు, పైన కొండ మీదున్న బీ రాక్ అనే పెద్ద బండ మాటే ఎత్తొద్దు.

ఓపికున్నవాళ్లు మాత్రం బీ రాక్ దాకా ఎక్కాల్సిందే. దారి పాత జూ వెనకనుంచే మొదలవుతుంది. రాయి శిఖరం సముద్రమట్టానికి సుమారు 1,056 అడుగుల ఎత్తు. చివరి భాగం నిటారుగా ఉండి, కాలి కింద సన్నటి గులకమట్టి జారుతుంది. జనం పడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. పట్టున్న బూట్లు వేసుకోండి, వాన పడ్డాక రెండు రోజులు ఆగండి. పోయిరావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు, మనిషికి లీటరు నీళ్లు అనుకోండి. పైన కంచె ఉంది, దాటకండి. దారి పక్కన మూడేసి ఆకులు గుత్తిగా ఉన్న పొద కనిపిస్తే ముట్టుకోవద్దు, అది పాయిజన్ ఓక్ కావచ్చు, తగిలితే రోజుల తరబడి దురద, బొబ్బలు. వేసవిలో రాటిల్‌స్నేక్‌లు (తోకతో గలగలమనే విషప్పాములు) బండల మీద ఎండ కాచుకుంటాయి, చెవుల్లో పాటలు పెట్టుకుంటే వాటి చప్పుడు వినపడదు. ఈ కొండల్లో పీ-22 అనే కొండసింహం (ప్యూమా) రెండు పెద్ద ఫ్రీవేలు దాటుకుని వచ్చి, 2012 నుంచి 2022 దాకా ఒంటరిగా బతికింది. సింహాల్ని బంధించిన చోటే ఒకటి స్వేచ్ఛగా పదేళ్లు తిరిగిందంటే తమాషాగానే ఉంటుంది.

వనభోజనాలకు ఈ చోటు బాగానే కుదురుతుంది, ఉసిరిచెట్టు ఒక్కటే లోటు. అయితే కార్తీకమాసం వచ్చేది సరిగ్గా ఇక్కడ శాంటా ఆనా పొడిగాలులు వీచే కాలంలో. 2007 మేలో వచ్చిన మంటల్లో ఈ పార్కులో సుమారు 800 ఎకరాలు కాలిపోయాయి, కాబట్టి నిప్పు విషయంలో ఇక్కడ చూసీచూడనట్టు వదలరు. మంటలు రేగే ప్రమాదముందని చెప్పే రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఉన్న రోజు బొగ్గు కూడా అంటించకూడదు. సొంత పొయ్యి, గ్యాస్ సిలిండరు తెచ్చి గారెలు వేద్దామన్న ఆలోచన మానేసి పులిహోర, దద్దోజనం, పూరీలు ఇంట్లోనే చేసి తెచ్చుకోండి. మద్యానికీ సిగరెట్టుకూ అనుమతి లేదు. నాలుగైదు కుటుంబాలైతే ముందుగా వచ్చినవాళ్లదే బల్ల. సంఘం తరఫున పెద్ద గుంపుగా, మైకులతో వచ్చేట్టయితే నగర పార్కుల శాఖ పర్మిట్ వారాల ముందే తీసుకోవాలి. తిండి మూతపెట్టి ఉంచండి, ఉడతలకూ, నక్కల్లాంటి కయోటీలకూ పెట్టకండి.

వేసవి సాయంత్రాల్లో ఈ మైదానంలోనే ఉచితంగా షేక్‌స్పియర్ నాటకాలు వేస్తుంటారు. ఆ రోజుల తేదీలు చూసుకుని రండి. చాప, పొట్టి కుర్చీ, చీకటి పడ్డాక చలికి ఒక శాలువా చాలు.

బాత్రూములు పార్కింగు దగ్గరే వాడుకుని పైకి ఎక్కండి. కారులో బ్యాగులు కనపడేలా వదలకండి, పార్కుల పార్కింగుల్లో అద్దాలు పగలగొట్టే దొంగలుంటారు.