ఫంగస్ పరీక్షకు వెళ్లే ముందు ఆ క్రీమ్ ట్యూబ్ ముట్టుకోకండి

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. గజ్జల్లో, నడుము చుట్టూ, వేళ్ల సందుల్లో తామర (ఫంగస్‌తో వచ్చే చర్మరోగం) తిరగబెట్టే కాలం. తడిబట్టలు వేసుకోవద్దు, ఒకే తువ్వాలు ఇంట్లో అందరూ వాడొద్దు అని కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేది పరీక్ష గురించి.

వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ కుర్రాడొకడికి తొడల మధ్య తామర వచ్చింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే దురద తగ్గేది, ఆపితే తిరిగొచ్చేది. చివరికి డాక్టరు పరీక్ష రాశారు. ఆ పొద్దున కూడా క్రీమ్ పూసుకునే ల్యాబ్‌కి వెళ్లాడు. 'ఫంగస్ కనబడలేదు' అని రిపోర్టు. అమ్మయ్య అనుకుని డాక్టరుకు చూపించనే లేదు, ట్యూబ్ మానలేదు. ఇప్పుడది పొట్ట మీదికి, వీపు మీదికి పాకింది.

ఈ పరీక్షలో మచ్చ అంచున పొట్టు గీరి, స్లయిడ్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. చర్మకణాలు కరిగి, ఫంగస్ పోగులు మైక్రోస్కోపులో బయటపడతాయి. షాపులో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, ఫంగస్ మందు రెండూ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని అణచి అంచును చెరిపేస్తుంది, దాంతో ఎక్కడ గీరాలో తెలియదు. ఫంగస్ మందు దొరికే పోగుల్ని తగ్గిస్తుంది. రోగం అలాగే ఉంటుంది, రిపోర్టులో మాత్రం కనబడదు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటసోన్: ట్యూబ్ మీద ఈ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడే.

కాబట్టి పరీక్షకు ముందు క్రీమ్ రాయకండి. ఎన్నాళ్లు ముందు ఆపాలో డాక్టరునే అడగండి, మామూలుగా వారం నుంచి రెండు వారాలు ఆపమంటారు. మింగే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

వెళ్లే రోజు నూనె, పౌడరు, పసుపు, ఏదీ వద్దు. అవి స్లయిడ్‌ను మసకబారుస్తాయి.

దురదగా ఉందని ముందురోజు మీరే పొట్టు గీకేయకండి. ల్యాబ్ వాళ్లకు కావలసింది అదే.

మచ్చ మధ్యలో గీరుతుంటే, ఎర్రగా ఉబ్బిన అంచున తీయమని అడగండి. ఫంగస్ ఎక్కువగా ఉండేది అక్కడే.

గోటికైతే నెయిల్ పాలిష్ తీసేసి వెళ్లండి. గోరు కరగడానికి చాలాసేపు పడుతుంది, అదే రోజు రిపోర్టు కావాలని పట్టుబట్టొద్దు.

తలలో అయితే గుండు చేయించుకుని వెళ్లకండి, విరిగిన వెంట్రుక మొదళ్లు కావాలి.

వాడినవన్నీ చెప్పండి. షాపులో కొన్నదీ, పక్కింటావిడ ఇచ్చిందీ. ట్యూబ్ ఫోటో తీసుకెళ్లండి.

కల్చర్ (శాంపిల్‌లోని ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కూడా రాస్తే అది నాలుగు వారాల దాకా పడుతుంది. ఆలోగా షాపుకి పరిగెత్తకండి.

నెగెటివ్ వచ్చిందా? క్రీమ్ రాసుకుని ఇచ్చిన శాంపిల్ అయితే ఆ నెగెటివ్‌ని నమ్మొద్దు. రాయకుండా ఇచ్చినా ఒక్కోసారి తప్పిపోతుంది, మచ్చ అలాగే ఉంటే మళ్లీ గీరించాలి. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లండి, మందుల షాపుకి కాదు.